ఆంధీ ఏ ఖాతాలో పడుతుంది?

తెలుగులో గాలికి ఎన్ని పేర్లున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ఈదురుగాలి, సుడిగాలి, పైరగాలి, వడగాలి, గాలిదుమారం. ఉర్దూ మీడియం స్కూల్లో నాకు నేర్పిన పేర్లు వేరే. సబా, నసీమ్, లూ, ఝక్కడ్, బగూలా, ఆంధీ. ఇందులో సబా, నసీమ్ షాయిర్లకు పోయాయి. లూ, ఆంధీ గరీబులకు మిగిలాయి. ఎండాకాలం ఖాళీ మైదానంలో దుమ్ము గిర్రున తిరుగుతూ వస్తే "జిన్నుల బారాత్ పోతోంది, పక్కకు జరగండి" అని పెద్దవాళ్లు కేకేసేవాళ్లు. మేం నిజంగానే జరిగేవాళ్లం.

ఇన్ని పేర్లున్న గాలికి సర్కారీ కాగితంలో మాత్రం పేరు లేదు. ఈ మాట ముబాలిగా కాదు. విపత్తు సహాయ నిధి నుంచి దేనికి పైసలు ఇవ్వొచ్చో కేంద్రం ఒక జాబితా పెట్టింది. తుఫాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగండ్లు, కొండచరియలు విరిగిపడటం, మంచు చరియలు, మేఘ విస్ఫోటం, చీడపీడల దాడి, అతిశీతలం. మొత్తం 12. సముద్రం నుంచి వచ్చే తుఫాను ఉంది. ఆకాశం నుంచి పడే వడగండ్లు ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగింటికి పడమర నల్లబడి, పావుగంటలో ఊరి రేకులన్నీ లేపుకుపోయే గాలి ఆ పన్నెండింటిలో లేదు. సుడిగాలి లేదు. టోర్నడో లేదు. ఆంధీ లేదు.

తమాషా చూడండి. మన రెవెన్యూ దఫ్తర్‌లో సగం మాటలు మన ఇంటి మాటలే. తహసీల్, జిల్లా, పహాణీ, నకలు, దరఖాస్తు, పంచనామా, ఖాతా, జమాబందీ. అసలు "రైతు" అన్న మాట కూడా అరబీ "రఅయ్యత్" నుంచి నడిచి వచ్చిందే. ఇన్ని మాటలు దఫ్తర్ గడప దాటి లోపలికి వెళ్లి కుర్చీలు వేసుకుని కూర్చున్నాయి. ఆంధీ ఒక్కటే బయట నిలబడి ఉంది, దాని దెబ్బ తిన్నవాళ్లతో పాటు.

పేరులో ఏముందిలే అనుకునేవాళ్ల కోసం 2024 నుంచి రెండు ఖబర్లు పక్కపక్కన పెడతాను.

మొదటిది మే 26, ఆదివారం సాయంత్రం. రాష్ట్రంలో చాలా జిల్లాల్లో ఈదురుగాలి, వాన. నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు కూలి నలుగురు పోయారు. వాళ్లలో తండ్రీ కూతుళ్లున్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల చెట్లు విరిగి, గోడలు కూలి ఇంకొందరు. ఆ ఒక్క సాయంత్రం తెలంగాణలో పదిమందికి పైగా చనిపోయారు. మరుసటి రోజు అఖ్బార్లలో వచ్చింది, "గాలివాన బీభత్సం" అని. మూడోరోజుకు లోపలి పేజీ. వారం తిరిగేసరికి ఎన్నికల ఫలితాల లెక్కలు, ఎగ్జిట్ పోల్స్ గోల.

రెండోది అదే ఏడాది ఆగస్టు 31. ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేలకొద్దీ చెట్లు వేళ్లతో సహా లేచి పడిపోయాయి. మొదటి అంచనా సుమారు 500 ఎకరాల్లో 50 వేల చెట్లు. ఊళ్ల మీదకు రాలేదు, ప్రాణనష్టం లేదు. అమ్మవార్ల దయ అని అక్కడివాళ్లు అనుకున్నారు, మనమైతే అల్లాహ్ కా కరమ్ అంటాం. కానీ ఆ అడవికి ఒక పెద్ద పేరు దొరికింది. టోర్నడో! డ్రోన్లు ఎగిరాయి, మంత్రి వచ్చారు, అటవీ అధికారులు చెట్లు లెక్కపెట్టారు, ఉపగ్రహ చిత్రాలు చూసేవాళ్లను, వాతావరణ శాఖవాళ్లను పిలిచి "ఇది ఏమిటో చెప్పండి" అని అడిగారు. డిసెంబర్ 4న అదే ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చేసరికి వాట్సాప్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు రెండూ కలిపి కథ అల్లారు. చెట్లు పడటం పైన గాలి పని, భూమి కదలడం కింద రాళ్ల పని. ఒకదానికొకటి చుట్టరికం లేదు. ఆ కథ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

అడవిని లెక్కపెట్టారని నాకు గిలా లేదు. లెక్కపెట్టాలి. నా సవాల్ ఇంకొకటి. మనుషులు పోయిన మే 26 గాలిని ఎవరైనా అలా నడిచి చూశారా? ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయింది, ఎంత వెడల్పు, రేకులు ఏ దిక్కుకు ఎగిరాయి, గోడ ముందు కూలిందా, కప్పు ముందు లేచిందా? చెట్టుకు దక్కిన ఎంక్వైరీ ఇన్సాన్‌కు ఎందుకు దక్కదు?

ఇలా నడిచి చూడటం ఒక ఇల్మ్. దాన్ని నేర్పింది జపాన్‌లో పుట్టిన తెత్సుయా ఫుజితా అనే సైంటిస్టు. 1945లో అణుబాంబు పడ్డ కొన్ని వారాలకు నాగసాకి, హిరోషిమా వెళ్లి చెట్లు ఏ దిక్కుకు ఒరిగాయో చూశాడు. తర్వాత అమెరికాలో చికాగో యూనివర్సిటీలో చేరి జిందగీ అంతా గాలి చేసిన తబాహీని చదివాడు. టోర్నడో బలాన్ని కొలిచే ఫుజితా స్కేలు 1971లో ఆయన ఇచ్చిందే. 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో అమెరికాలో 13 రాష్ట్రాల మీద దాదాపు 150 టోర్నడోలు విరుచుకుపడ్డాయి. 300 మందికి పైగా చనిపోయారు. ఆ నష్టాన్ని విమానం నుంచి చూస్తుంటే కొన్నిచోట్ల చెట్లు చుట్టూ తిరిగి పడలేదు, మధ్య నుంచి నలువైపులకు, నక్షత్రం గీసినట్టు పడి ఉన్నాయి. ఇది సుడిగాలి కాదు, పైనుంచి కిందికి పడ్డ గాలి అని ఆయన పట్టుకున్నాడు. మరుసటి ఏడు న్యూయార్క్‌లో ఒక విమానం కూలినప్పుడు ఆ మాటే రుజువైంది.

మన తెలంగాణకు ఈ రెండో రకమే ఎక్కువ అవసరం. అమెరికా మైదానాల్లో కింద తడిగాలి ఒక దిక్కు నుంచి, పైన పొడిగాలి ఇంకో దిక్కు నుంచి వచ్చి మేఘాన్నే తిప్పేస్తాయి. అందుకే అక్కడ ఏటా వెయ్యికి పైగా టోర్నడోలు. మన దగ్గర ఆ తిప్పుడు తక్కువ. ఏప్రిల్, మేలో నేల పెనంలా కాలి ఉంటుంది. బంగాళాఖాతం తేమ వచ్చి చేరుతుంది. క్యుములోనింబస్ మేఘం కొండలా లేస్తుంది. దాని వాన కింద ఉన్న పొడిగాలిలో పడి సగం దారిలోనే ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది. చల్లగాలి బరువు, ధబాలున కింద పడుతుంది. బకెట్ నీళ్లు ఫర్ష్ మీద గుమ్మరిస్తే ఎలా నలువైపులా పరుగెత్తుతాయో అలా పరుగెత్తుతుంది. వాన చుక్క పడకముందే దుమ్ము ఎందుకు వస్తుందో, ఒక ఊళ్లో కప్పులు లేచిపోతే పక్క ఊళ్లో ఆకు కూడా ఎందుకు కదలదో దీంతో అర్థమవుతుంది. పక్క ఊరివాళ్లకు నమ్మకం కలగదు. మండల్ ఆఫీసులో కూర్చున్న సాబ్‌కు అసలే కలగదు.

ఇక్కడ మనవాళ్లతో ఒక మాట. ఎక్కడ గాలి వచ్చినా, వరద వచ్చినా, మరుసటి ఉదయానికి ఫోన్‌లో "యే అల్లాహ్ కా అజాబ్ హై" అని ఫార్వర్డ్ వచ్చేస్తుంది. ఖురాన్‌లో ఆద్ ఖౌమ్ మీద గాలి వచ్చిన మాట నిజమే. సూరా అల్ హాఖ్ఖాలో ఉంది, ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్లు. కానీ ఆద్ ఎవరు? ఎత్తైన స్తంభాలు లేపిన ఖౌమ్. తమ బలం చూసి తకబ్బుర్ పడ్డ జబర్దస్త్ మనుషులు. రేకుల కింద కూలి డబ్బులు లెక్కపెట్టుకుంటూ పడుకున్నవాడికి ఆ ఖిస్సా వినిపించడం ఏం ఇన్సాఫ్?

బంగ్లాదేశ్‌లో ఒక సాయంత్రం సంగతి చెబుతాను. 1989 ఏప్రిల్ 26. రమజాన్ నెల. మానిక్‌గంజ్ జిల్లాలో దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతం, అన్నీ పల్లెలే. నెలల తరబడి వాన లేక పొలాలు నెర్రెలు విచ్చాయి. జనం వాన కోసం దువా చేస్తున్నారు. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో, అంటే అక్కడ సూర్యుడు అస్తమించే వేళకు, టోర్నడో వచ్చింది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ ముందు కూర్చునే వేళ అది. దాదాపు 1,300 మంది చనిపోయారు. దునియాలో ఇప్పటివరకు నమోదైన టోర్నడోలన్నిటిలో ఎక్కువ మందిని చంపింది అదే, అమెరికాలోవి ఏవీ కావు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆ రోజు రోజాదార్లు. ఇప్పుడు చెప్పండి, అజాబ్ అని ఏ నోటితో అంటారు?

అక్కడ అంతమంది ఎందుకు పోయారో కారణం వెతకడానికి ఆసమాన్ దాకా వెళ్లనక్కర్లేదు. రేకుల ఇళ్లు, వెదురు గోడలు, పక్కపక్కనే కిక్కిరిసిన బస్తీలు, ముందుగా చెప్పే సైరన్ లేదు, దాక్కునే నేలమాళిగ లేదు. గాలి అందరి మీదా ఒకే జోరుతో వస్తుంది. కప్పు మాత్రం అందరిదీ ఒకటి కాదు. డాలస్‌లో 2019 అక్టోబర్ 20 రాత్రి పెద్ద టోర్నడోనే నగరం మధ్యలోంచి పోయింది, ఒక్క ప్రాణం పోలేదు. మన పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు, ఆ రాత్రి బాత్రూముల్లో దాక్కున్న కథలు ఇప్పటికీ చెబుతారు. అలాగని అమెరికాను జన్నత్ అనుకోవద్దు. 2011 ఏప్రిల్ 27న ఒక్కరోజే 300 మందికి పైగా పోయారు, ఎక్కువగా అలబామాలో. ఫిల్ క్యాంప్‌బెల్, హ్యాకిల్‌బర్గ్ అనే చిన్న పల్లె పట్టణాలు తుడిచిపెట్టుకుపోయాయి. ట్రెయిలర్ ఇళ్లలో ఉండే గరీబులే అక్కడా ముందు పోతారు. తేడా ఒక్కటే. అక్కడ మరుసటి రోజు వాతావరణ శాఖ మనుషులు వచ్చి దారి పొడుగునా నడిచి, ఏ ఇల్లు ఎలా కూలిందో రాసుకుంటారు.

మళ్లీ మన అడ్డాకు వద్దాం. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు నడిచేవాళ్లకు మొజంజాహీ మార్కెట్ తెలియనిది కాదు. 1935లో కట్టింది. ఒకప్పుడు షహర్ పళ్ల మండీ అంతా అక్కడే. తర్వాత గడ్డిఅన్నారం పోయింది, అక్కడి నుంచి ఇప్పుడు బాటసింగారం పోయింది. కానీ పళ్ల కారోబార్‌లో మనవాళ్లు ఎక్కడికీ పోలేదు. తోపుడుబండి మీద బంగినపల్లి అమ్మేవాళ్ల నుంచి తోటలు గుత్తకు పట్టేవాళ్ల దాకా ఎంతమంది ముసల్మాన్లున్నారో ఏ బక్రీద్‌కైనా చుట్టాలింటికి పోతే తెలుస్తుంది.

తోట గుత్త అంటే ఏమిటో తెలియని షహర్ పిల్లల కోసం చెబుతాను. పూత మీద ఉన్నప్పుడు, జనవరి, ఫిబ్రవరిలో తోట చుట్టూ తిరిగి, కొమ్మలు చూసి, కాపు ఎంత ఉంటుందో అందాజా వేసి రైతుతో బేరం కుదుర్చుకుంటారు. సగం పైసలు అప్పుడే. ఆ సగం సొంతం కాదు, మండీలో కమీషన్ ఏజెంట్ దగ్గర తెచ్చినవి, సరుకు ఆయనకే వేయాలన్న షరతు మీద. అక్కడి నుంచి మందు కొట్టించడం, కాపలా, కోత కూలి, డబ్బాలు, లారీ కిరాయి అన్నీ గుత్తదారు నెత్తిమీదే. కొల్లాపూర్ వైపు తోట పట్టిన ఒక పెద్దమనిషి నాతో అన్నమాట: "ఝాడ్ పే రహే తో మాల్, నీచే గిరే తో కచ్రా." ఒక సాయంత్రం గాలి చాలు. కాయ పచ్చిదే, తినడానికి పనికిరాదు, దెబ్బ తగిలింది కనుక మగ్గబెట్టడానికీ పనికిరాదు. పచ్చడివాళ్లు అడిగిన రేటుకు ఇవ్వాలి. ఆ రోజు జిల్లా మొత్తం రాలి ఉంటుంది కనుక ఆ రేటు ఎంత ఉంటుందో మీరే అనుకోండి.

ఇప్పుడు ముఆవజా సంగతి. కేంద్రం నిబంధనల ప్రకారం పంట 33 శాతానికి మించి పోతే పండ్ల తోటలకు హెక్టారుకు 22,500 రూపాయలు. రెండు హెక్టార్ల వరకే. అంటే ఎంత తోట పోయినా 45,000 దాటదు. అదీ జాబితాలో ఉన్న విపత్తు వల్ల పోతేనే. గాలితో పాటు వడగండ్లు పడితే అధికారి కలం కదులుతుంది. వట్టి గాలి అయితే ఆ ఫైలు ఆయన మర్జీ. సరే, కలం కదిలిందే అనుకుందాం. పైసలు ఎవరి ఖాతాలో పడతాయి? పట్టాదారు ఖాతాలో. గుత్త పైసలు ముందే తీసుకున్న ఆయనకు ముఆవజా కూడా వస్తుంది. కాయ పోయినవాడికి ఏజెంట్ బాకీ మిగులుతుంది. పరవాలేదు, సగం మాఫ్ చేస్తున్నా అని చెప్పే రైతులూ ఉన్నారు, నేను విన్నాను. ఒకరి మంచితనం మీద ఇంకొకరి రోజీ నిలబడటం మాత్రం ఇంతెజామ్ అనిపించుకోదు.

దీనికి మిసాల్ లేదా అంటే ఉంది. 2023 మార్చిలో వడగండ్లకు పంటలు పోయినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాలు తిరిగి ఎకరానికి 10,000 ప్రకటించారు. కౌలుదార్లను కూడా ఆదుకోవాలని ఆ రోజే చెప్పారు. అంటే సర్కారు తలచుకుంటే పట్టా పాస్‌బుక్ దాటి మనిషిని చూడగలదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదార్లకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం కూడా వచ్చింది. పండ్ల తోట గుత్తదారును అందులోకి తేవడం ఆసమాన్ నుంచి తారలు తెంపడం కాదు. తెల్లకాగితం మీద రాసుకునే ఒప్పందాన్ని ఊళ్లో నమోదు చేయించే ఒక రిజిస్టరు చాలు. ఫసల్ బీమా నుంచి తెలంగాణ 2020లో బయటకు వచ్చింది కనుక ఆ తలుపు తట్టమని కూడా ఎవరికీ చెప్పలేని హాలత్ ఏళ్లపాటు నడిచింది.

ఇళ్ల లెక్క ఇంకా విచిత్రం. ఇల్లు పూర్తిగా కూలితే మైదాన ప్రాంతాల్లో లక్షా ఇరవై వేలు. కొంత దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసె పోతే 8,000. పశువుల కొట్టానికి 3,000. ఇప్పుడు మన ఊళ్లలో ఇల్లు ఎలా ఉంటుంది? గోడలు సిమెంటు ఇటుక, పైన రేకులు. గాలికి రేకులన్నీ పోయి గోడలు నాలుగూ నిలబడ్డాయి. ఇది పూర్తి నష్టమా, పాక్షికమా? పాక్షికం. ఆరున్నర వేలకు ఎన్ని రేకులొస్తాయో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా అడగండి. లోపల కుట్టు మిషన్ తడిసింది, ఫ్రిజ్ పోయింది, పిల్లల సర్టిఫికెట్లు పోయాయి. వీటికి గడి లేదు. పంక్చర్ దుకాణం డబ్బా ఎగిరి కాలువలో పడింది. గడి లేదు. ఊరి మస్జిద్ ముందు నమాజీల కోసం చందాలతో వేసిన రేకుల సాయబాన్ పోయింది. దానికీ లేదు, పక్కనున్న గుడి రేకులకూ లేదు. ఈ విషయంలో మాత్రం పూర్తి సెక్యులరిజం.

వేరే రాష్ట్రాలు ఏం చేశాయో చూద్దాం. విపత్తు నిధిలో పది శాతం వరకు రాష్ట్రం తన సొంత విపత్తులకు వాడుకోవచ్చని నియమం ఉంది. ఆ వెసులుబాటు పట్టుకుని ఉత్తరప్రదేశ్ తన జాబితాలో "ఆంధీ తూఫాన్" అని సాఫ్‌గా రాసుకుంది. ఒడిశా సుడిగాలి, టోర్నడో రెండూ రాసుకుంది, పాముకాటు కూడా రాసుకుంది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షలు అంది. అంతకుముందు ఆపద్బంధు కింద 50,000. మేస్త్రీ, హమాలీ, బండివాడు ఎండకు పడిపోతే అది కిస్మత్ కాదు, విపత్తు అని సర్కారు ఒప్పుకుంది. మంచి పని, దానికి దాద్ ఇవ్వాల్సిందే. లూకు దొరికిన జాగా పక్కన ఆంధీకి కూడా అంతే సాఫ్‌గా ఒక జాగా కావాలని నా దరఖాస్తు.

గాలి నిజంగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది, అందరూ వచ్చి రేకులు పోయాయంటే ఎలా, అని అడిగే అఫ్సర్లకు జవాబు వాళ్ల దగ్గరే ఉంది. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. వానతో పాటు గాలి వేగం కూడా రాసిపెడతాయి. బేగంపేటలో డాప్లర్ రాడార్ ఉంది. పంట నష్టం అర్జీ పక్కన ఆ సాయంత్రం రీడింగ్ పెట్టి చూస్తే పని సగం అయిపోతుంది. అయితే మేఘం పడ్డచోటు కేంద్రానికి మూడు కిలోమీటర్ల దూరమైతే మీటర్ ఏమీ చెప్పకపోవచ్చు. అందుకే మనిషి వెళ్లి చూడాలి. ఫుజితా చేసింది అదే కదా.

షహర్ సంగతి వేరు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు వేలమంది పోయారు. మన నానమ్మలు, తాతలు దాన్ని "తుగ్యానీ" అనేవాళ్లు, దాని ముందు, దాని తర్వాత అని పుట్టినరోజులు లెక్కపెట్టేవాళ్లు. ఉస్మానియా దవాఖానా ఆవరణలో చింతచెట్టెక్కి 150 మంది బతికిన కథ ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ తుగ్యానీ తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్ సాగర్ వచ్చింది, హిమాయత్ సాగర్ వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన తర్వాత కోస్తాలో తుఫాను షెల్టర్లు వచ్చాయి. రెండు ముసీబతులకూ పేరుంది, తారీఖుంది, అందుకే వాటి మీద పని జరిగింది. ఇంద్రకల్ సాయంత్రానికి పేరు లేదు. ఇవాళ్టికీ అబిడ్స్‌లో ఒక చెట్టు విరిగితే పది నిమిషాల్లో రంపం పట్టుకుని టీమ్ వస్తుంది, ట్రాఫిక్ ఆగిందని టీవీలో స్క్రోలింగ్ వస్తుంది. పాతిక కరెంటు స్తంభాలు పడిపోయిన పల్లెలో నాలుగు రోజులు మోటారు నడవదు, ఫోన్ ఛార్జింగ్ కోసం పక్క ఊరికి పోతారు. దానికి జిల్లా ఎడిషన్‌లో రెండు కాలమ్‌లు.

మా బిరాదరీ గురించి కూడా అనాలి. "బీభత్సం" అన్న మాటను మేం ఎంత అరగదీశామంటే చదివేవాడి కన్ను దాని మీద ఆగదు. ఎన్ని ఇళ్లు, ఏ గాలి, ఎంతమందికి పైసలు అందాయి అని నెల తర్వాత తిరిగి వెళ్లి రాసిన కథనం మీరు చివరిసారి ఎప్పుడు చదివారు? ఉర్దూ అఖ్బార్ల సంగతి ఇంకా దారుణం. గాజా, ఇస్తాంబుల్ ఖబర్లకు మొదటి పేజీ ఉంటుంది, తాడూరు మండలం ఎటువైపో తెలియదు. గాజా రాయొద్దని కాదు. రెండూ రాయమంటున్నా.

ఇక మన జేబుల సంగతి. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా దగ్గర నిలబడితే ఇచ్చే చేతులకు కొరత లేదని ఎవరికైనా అర్థమవుతుంది. రమజాన్‌లో రేషన్ కిట్లు లారీలకెత్తి జిల్లాలకు పంపుతాం. అల్హందులిల్లాహ్. అందులో పదో వంతు కప్పుల మీద ఖర్చు పెడితే? మన ఊళ్లలో రేకులు ఎగరకుండా పైన రాళ్లు పెడతారు, ఇసుక బస్తాలు పెడతారు. గాలి చూరు కింద దూరి రేకును పైకి లేపుతుంది, రేకు పోతుంది, రాయి కింద పడుకున్నవాళ్ల నెత్తిన పడుతుంది. రాళ్లకు బదులు కొక్కెం బోల్టులతో రేకును కింది పైపుకు బిగించాలి, ఆ పైపును గోడలోకి కట్టాలి, చూరు బయటికి ఎక్కువ పొడుచుకు రాకుండా చూడాలి. ఒక ఇంటికి అయ్యే ఖర్చు ఒక ఇఫ్తార్ దావత్‌లో ఒక టేబుల్ మీద మిగిలిపోయే హలీమ్ అంత. వెల్డింగ్ పనివాళ్లు మన మొహల్లాల్లో ఎంతమంది లేరు? బైతుల్ మాల్ కమిటీలు మార్చి నెలలో ఒక ఆదివారం నలుగురు వెల్డర్లను ఒక ఊరికి పంపితే, వాళ్లు హిందువుల ఇల్లా, ముసల్మాన్ల ఇల్లా అని చూడకుండా వరసగా బిగించుకుంటూ పోతే, దానికి ఏ ముఫ్తీ సాబ్ అభ్యంతరం చెబుతారో నాకైతే తోచడం లేదు. ఒంటెను కట్టి తర్వాత తవక్కుల్ చేయమన్న హదీస్ మనందరికీ కంఠస్థమే. గాలిని తిట్టొద్దని కూడా హుజూర్ చెప్పారు. తిట్టకుండానే బోల్టు బిగించొచ్చు.

ఇంకో చిన్న సంగతి, ఊళ్లలో ఉన్న బంధువులకు చెప్పండి. గాలి వెళ్లిన పొద్దున్నే ఇల్లు సర్దడం మొదలుపెట్టకండి. ముందు ఫోటోలు, వీడియో. తారీఖు, టైము కనబడేలా. రేకులు ఎక్కడ పడ్డాయో అక్కడే ఉండగా. తర్వాత పంచాయతీ కార్యదర్శికి, తహసీల్దార్‌కు చేతిరాతతో అర్జీ, దాని నకలు మీద రసీదు ముద్ర. తోట గుత్తకు తీసుకున్నవాళ్లు ఒప్పందం కాగితం జిరాక్స్ జతచేయండి, చెల్లకపోయినా సరే. ఇవాళ చెల్లని కాగితాలు వంద పోగుపడితేనే రేపు ఒక ఎమ్మెల్యేకి చూపించడానికి ఏదైనా ఉంటుంది.

ఆ ఎమ్మెల్యే ఉండే అసెంబ్లీ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ గోడను ఆనుకునే ఉంది. హజ్ హౌస్ నుంచి నడిచిపోయేంత దూరం. రాష్ట్ర విపత్తుల్లో ఒక పేరు చేర్చడానికి అక్కడ కొత్త బిల్లు కూడా అక్కర్లేదు, ఒక జీవో చాలు, వడదెబ్బకు వచ్చినట్టే. అందులో ఈదురుగాలి అని రాస్తారా, సుడిగాలి అని రాస్తారా, ఆంధీ అని రాస్తారా, వాళ్ల ఇష్టం. మామిడి పూత రాకముందే రాస్తే ఈసారి గుత్తలకు అక్కరకొస్తుంది.